అబూ తర్వాత ఖాళీ

తన పెళ్ళి చెడగొట్టడానికి బయటివాళ్ళెవరూ అక్కర్లేదు, ఆ పని తనే శుభ్రంగా చేసుకోగలడని సుఫ్యాన్‌కి ముందునుంచీ గట్టి నమ్మకం. ఇర్బిద్ పట్టణంలో మెకానిక్ షెడ్ల వీధి చివర అతనిదో ఇరుకు దుకాణం. వెలిగే అక్షరాలు పాకుతూ పోయే బోర్డులు చేస్తాడు. మందుల షాపుకి "తెరిచే ఉంది", రొట్టెల బట్టీకి "వేడివేడిగా", బస్సు నుదుటికి ఊరి పేరు. బోర్డు వెనకాల వేలెడంత చిప్పు, ఆ చిప్పులో సి భాషలో తను స్వయంగా రాసిన ప్రోగ్రాం. "స్వయంగా" అనేటప్పుడు అతని ఛాతీ రవ్వంత ముందుకొస్తుంది. యూనివర్సిటీలో సి పరీక్ష రెండో దండయాత్రలో గానీ గట్టెక్కలేదన్న సంగతి ఆ ఛాతీకి గుర్తుండదు.

వాళ్ళమ్మకి మాత్రం అన్నీ గుర్తే. "ఎదుటివాడి నోట్లోంచి సగం మాట ఊడిపడేసరికి 'ఆఁ ఆఁ, తెలిసింది' అంటావు. ఏం తెలుస్తుందిరా నీ మొహం?" అంటుంది.

"తెలిసిందిలేవే అమ్మా" అంటాడు, ఆవిడ ముగించకముందే.

రుబా పరిచయం కూడా ఇలాగే జరిగింది. అజ్లూన్‌లో ఆమె పనిచేసే మందుల షాపుకి బోర్డు బిగించడానికి వెళ్ళాడు. "ఆకుపచ్చ రంగు వద్దు, కళ్ళకి..." అని ఆమె అంటుండగానే తెలిసింది తెలిసింది అని తలూపి, నిగనిగలాడే ఆకుపచ్చ బోర్డు పట్టుకొచ్చాడు. అది మార్చడానికి మళ్ళీ వెళ్ళాడు. మార్చింది సరిగా లేదని ఇంకోసారి. ఆ తర్వాత బోర్డుకి ఏ జబ్బూ లేకపోయినా వెళ్ళాడు. చివరికి రుబాయే విసుగేసి, "ఇలా నిచ్చెనెక్కి ఎన్నాళ్ళుంటావు? మీ పెద్దవాళ్ళని పంపు" అంది. ఆ ఒక్కమాట మాత్రం సుఫ్యాన్ చివరిదాకా విన్నాడు.

పెద్దవాళ్ళని పంపడమంటే జాహా. అబ్బాయి తరఫు పెద్దలు బలగంగా అమ్మాయి ఇంటికెళ్ళి కూర్చుంటారు. వాళ్ళలో పెద్దాయన ముందు కాఫీ పెడతారు. ఆయన దాన్ని ముట్టుకోడు. వచ్చిన పని చెప్తాడు. అమ్మాయి తరఫు పెద్ద లేచి "మీ కాఫీ తాగండి" అంటే పిల్లని ఇచ్చినట్టు. అనకపోతే కప్పు అలాగే ఉంటుంది, వచ్చినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని పోతారు. రుబా తండ్రి హాజ్ తౌఫీక్ మెత్తని మనిషే. కానీ ఆయనకి పైన అన్నగారున్నాడు, మిఫ్లెహ్. అంజారా ఊళ్ళో బడి పిల్లల బస్సు నడిపి రిటైరైనాయన. ఆయన నోట మాట రాకుండా ఆ ఇంట్లో కాఫీ ఎవరూ తాగరు.

అందరూ జాహాకి కార్లు కడుక్కుంటారు, మీసాలు దువ్వుకుంటారు. మనవాడికి అది చాల్లేదు. పెళ్ళికూతురి ముంగిట్లో తన చేత్తో చేసిన బోర్డు పెట్టి, రెండువైపుల పెద్దల పేర్లూ ఒకటొకటిగా వెలుగుతూ పోతుంటే జనం నోళ్ళు తెరుచుకోవాలనుకున్నాడు. తెరుచుకున్నాయి కూడా. ఆ సంగతికే వస్తున్నా.

వాళ్ళవైపు పేర్లు రుబా పంపింది. ఒక్కో మనిషికీ ఒక్కో వరస, వరసలో మూడు ముక్కలు: మనిషి పేరు, పెద్దకొడుకు పేరు, ఊరు. మన దగ్గర మగవాణ్ణి పేరుపెట్టి పిలవడం ఏం మర్యాద? పెద్దకొడుకు పేరు ముందు అబూ చేర్చి పిలవాలి. రాకాన్ తండ్రి అబూ రాకాన్, తల్లి ఉమ్మ్ రాకాన్. పేర్లు పంపాక రుబా ఫోన్ చేసింది.

"సుఫ్యాన్, ఒక్క మాట పూర్తిగా వింటావా?"

"ఆఁ, చెప్పు."

"మా మిఫ్లెహ్ పెదనాన్నకి పిల్లల్లేరు. వెనకాల అందరూ ఆయన్ని అబూ ఘాయిబ్ అంటారు. ఎక్కడా లేని కొడుక్కి తండ్రి అని. ఆ మాట చెవిన పడితే ఆ రోజు అన్నం ముట్టడు. ఆయన భార్య ఫిద్దా పెద్దమ్మనైతే ఉమ్మ్ ఫలానా అని పిలిచినవాళ్ళే లేరు, ఉత్త ఫిద్దా. అందుకని ఆయన వరసలో కొడుకు పేరు దగ్గర ఏమీ పెట్టలేదు. ఖాళీగా వదిలేశా. అక్కడ అబూ అన్న మాట కూడా రాకూడదు. ఆ చోటు..."

"తెలిసింది. ఖాళీ. అంతేగా?"

"అంతే కాదు, నువ్వు దాన్ని..."

"తెలిసింది రుబా! ఇది నా వృత్తి!"

వృత్తి సంగతి ఇదీ. అక్షరాలన్నీ కేబుల్లోంచి ఒకదాని వెనక ఒకటి చిప్పులోకి వస్తాయి. ముక్కకీ ముక్కకీ మధ్య సెమీకోలన్ ఉంటుంది. ప్రోగ్రాం ఆ గుర్తు కనిపించినచోటల్లా తెంపి, మొదటి ముక్కని పేరుగా, రెండోదాన్ని అబూ తర్వాత, మూడోదాన్ని ఊరుగా బోర్డు మీదికి తోలాలి. తెంపడానికి సి భాషలో తయారుగా ఓ సాధనం ఉంది, స్ట్ర్‌టాక్ అంటారు. దానికో పాడు గుణం. రెండు సెమీకోలన్లు పక్కపక్కనే కనిపిస్తే, మధ్యలో ఏమీ లేదు కదా అని రెంటినీ కలిపి ఒక్కటిగా మింగి ముందుకెళ్ళిపోతుంది. ఇక్కడ ఒక చోటుంది, అది ఖాళీగా ఉంది అని చెప్పదు. ఈ ముక్క పాఠంలో రెండో పేరాలోనే ఉంది. సుఫ్యాన్ మొదటి పేరా చదివి, తెలిసిందని పేజీ తిప్పేసినవాడు.

అది చాలదన్నట్టు, వరస మారే చోటుని కూడా ఇంకో సెమీకోలన్‌లాగే చూడమని ప్రోగ్రాంకి చెప్పాడు. ఎందుకంటే బద్ధకం. దాంతో ఒక వరసలో తప్పు జరిగితే అది ఆ వరసలోనే ఆగదు, కిందివాళ్ళందరి మీదికీ పాకుతుంది.

పరీక్ష చెయ్యలేదా అంటే చేశాడు, ఘనంగా చేశాడు. తన మేనమామలు, బాబాయిలు, తాతల పేర్లన్నీ పెట్టి చూశాడు. అందరికీ కొడుకులే. ఆ వంశంలో ఖాళీ అన్నదే లేదు. బోర్డు పొల్లుపోకుండా నడిచింది. సుఫ్యాన్ దుకాణంలో ఒక్కడే నిలబడి తనకి తనే చప్పట్లు కొట్టుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం అంజారాలో హాజ్ తౌఫీక్ ముంగిట్లో కుర్చీలు ఎదురెదురుగా వేశారు. అటు వాళ్ళు, ఇటు వీళ్ళు. గోడమీద బోర్డు, నల్లగా, ఏమీ ఎరగనట్టు. ఆడవాళ్ళు లోపలి గదిలో, కిటికీ రెక్క ఓరగా తీసి ఉంది. సుఫ్యాన్ కొత్త సూటులో చివరి కుర్చీలో కూర్చున్నాడు. పెళ్ళికొడుకు జాహాలో నోరెత్తకూడదు, అది అతని అదృష్టం అనుకుంది వాళ్ళమ్మ.

ఇటువైపు పెద్ద హాజ్ దిరార్. సుఫ్యాన్ తండ్రి పోయాక ఆ ఇంటి మంచిచెడ్డలు చూసేది ఆయనే. మైకు దొరికితే వదిలే రకం కాదు. కాఫీ కప్పు ముందు పెట్టించుకుని, దేవుణ్ణి స్తుతించి, ఆ ఊరి ఆలివ్ తోటల్ని పొగిడి, రెండు ఇళ్ళ తాతముత్తాతల్ని తలుచుకుని, చివరికి విషయానికొచ్చాడు. "మీ అమ్మాయి రుబాని మా అబ్బాయి సుఫ్యాన్‌కి అడగడానికొచ్చాం. మాట మీది" అని కూర్చున్నాడు.

ఇదే సమయమని సుఫ్యాన్ జేబులో ఫోన్ నొక్కాడు. బోర్డు వెలిగింది.

సలాం: హాజ్ తౌఫీక్, అబూ రాకాన్, అంజారా.

అందరూ "వాహ్" అన్నారు. సుఫ్యాన్ మొహమాటంగా టై సవరించుకున్నాడు. తర్వాత వరస పాకింది.

సలాం: మిఫ్లెహ్, అబూ అంజారా, ఔదా.

ఔదా అంటే తర్వాతి వరసలో ఉండాల్సిన కుఫ్రంజా మనిషి, పెద్ద మీసాలాయన. ఆయన తన పేరుకోసం బోర్డంతా వెతుక్కుంటుంటే ఇంకోటి వచ్చింది.

సలాం: సఖర్, అబూ కుఫ్రంజా, షాహిర్.

"అదేంటి, సఖర్ మావాడు కదూ?" అన్నాడు ఔదా. "వాడికింకా మీసమే మొలవలేదు, కుఫ్రంజాకి తండ్రెప్పుడయ్యాడు? నేనెక్కడ?"

"నువ్వు ఊరైపోయావు ఔదా, ఇందాకటి వరస చూళ్ళేదా" అన్నాడు పక్కనున్న షాహిర్.

"నవ్వకు, నువ్వూ అయ్యావు."

సలాం: లైస్, అబూ ఇబ్బీన్, హాజ్ దిరార్.

"నేనేమిటీ, ఊరా?" అన్నాడు హాజ్ దిరార్ మైకులోనే. కుర్రకారు చొక్కాలు నోట్లో కుక్కుకున్నారు. సుఫ్యాన్ జేబులో ఫోన్‌ని పిసికేస్తున్నాడు. ఆఫ్ చేసే బొత్తాం పెట్టడం మర్చిపోయాడు. ఒకసారి మొదలైతే చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొస్తుంది. వచ్చింది కూడా. మిఫ్లెహ్, అబూ అంజారా.

ఎవరో పరిస్థితి చక్కబెడదామని, "తప్పేముంది! మిఫ్లెహ్ బస్సెక్కనివాడు ఈ ఊళ్ళో ఉన్నాడా? ఊరంతటికీ తండ్రే మరి!" అన్నాడు.

"ఆపు" అన్నాడు మిఫ్లెహ్. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఊరి పిల్లల్ని మోసినందుకు జీతం తీసుకున్నా. తండ్రినేం కాదు. ఇది రాసిందెవరు?"

సుఫ్యాన్ లేచి నిలబడ్డాడు.

"నేనే, పెద్దాయనా."

"నన్ను ఊరికి తండ్రిని చెయ్యమని ఎవరు చెప్పారు?"

ఇక్కడ బుద్ధున్నవాడెవడైనా తప్పైపోయిందని చెప్పి కూర్చుంటాడు. మనవాడు వివరించాడు. "మీ దగ్గర కొడుకు పేరు లేదు కదండీ... అంటే, అక్కడ ఖాళీ ఉంది. నా ప్రోగ్రాంకి ఖాళీ కనపడదు. ఏమీ లేదనుకుని దాటేసి, తర్వాతున్నదాన్ని లాక్కొచ్చి ఆ చోట్లో పెట్టేసింది. అందుకని..."

అందుకని ఏమిటో చెప్పాల్సిన అవసరం లేకపోయింది. రుబా ఎంత జాగ్రత్తగా మూసిపెట్టిందో అంత బాహాటంగా, మైకు పక్కనే నిలబడి, ఈయనకి కొడుకుల్లేరని రెండు వంశాలకీ చాటాడు. కిటికీ వెనక వాళ్ళమ్మ తల కొట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. హాజ్ దిరార్ కప్పుకేసి చూశాడు. కాఫీ మీద ఆవిరి లేదు.

మిఫ్లెహ్ సుఫ్యాన్ వైపు తిరిగాడు. "నీ మెషీన్‌ది కొత్త తప్పేం కాదు. ఈ ఊరు ఇన్నాళ్ళూ నాకు చేసింది అదే. నా దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదనుకుని దాటిపోయారు" అన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. "బాగుచెయ్."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నా చోటు నాకు కనపడాలి, ఖాళీగా ఉంటే ఖాళీగానే. అప్పుడు మీ కాఫీ సంగతి చెప్తా."

కారులోంచి లాప్‌టాప్ తెచ్చారు. గోడకి నిచ్చెన వేశారు. కొత్త సూటుతో పెళ్ళికొడుకు నిచ్చెన ఎక్కి, కేబుల్ ఒక కొస బోర్డు వీపులో గుచ్చి, రెండో కొస ఒళ్ళో పెట్టుకున్న లాప్‌టాప్‌కి తగిలించి, పై మెట్టు మీద కూర్చున్నాడు. కింద రెండు వంశాలు తలలెత్తి చూస్తున్నాయి. యూనివర్సిటీలో పరీక్ష తప్పినప్పుడు కూడా ఇంతమంది చూడలేదు.

"ఏం చేస్తున్నాడు?" అన్నాడు ఔదా.

"టైపు కొడుతున్నాడు."

"అది కనిపిస్తోంది. నన్ను మనిషిని చేస్తాడా లేదా?"

సుఫ్యాన్ స్ట్ర్‌టాక్‌ని పీకి పారేశాడు. తనే ఒక్కో అక్షరం చూసుకుంటూ పోవాలి. సెమీకోలన్ కనిపిస్తే అక్కడికి ఒక ముక్క అయిపోయినట్టు, లోపల అక్షరమున్నా లేకపోయినా. వరస మారితే మనిషి మారినట్టు. అంతే. పసిపిల్లలకి నేర్పే పని. ఈ నాలుగు మాటలు మొన్న దుకాణంలో కూర్చుని రాసుంటే ఇప్పుడు కింద కూర్చుని బక్లావా మిఠాయి తింటూ ఉండేవాడు. తనని తను తిట్టుకుంటూ రాశాడు. రాసి చిప్పులోకి ఎక్కించబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఏమిట్రా అంటే, వాక్యం చివర సెమీకోలన్ పెట్టడం మర్చిపోయాడు. పగలంతా ఆ గుర్తుతోనే చస్తున్నవాడు దాన్నే మర్చిపోయాడంటే, అలాంటి బుర్రకి పిల్లనెవరిస్తారు?

కింద హాజ్ దిరార్ సమయం నింపడానికి మళ్ళీ ఆలివ్ తోటలు అందుకున్నాడు. ఈసారి వాటి తెగుళ్ళ గురించి.

"అయింది" అన్నాడు సుఫ్యాన్, నిచ్చెన మీంచే. బోర్డు మళ్ళీ వెలిగింది. హాజ్ తౌఫీక్ తన చోట తను. ఆ వెనక:

సలాం: మిఫ్లెహ్, అబూ        , అంజారా.

అయ్యో, అనుకున్నాడు. ఖాళీ సరిగ్గా వచ్చింది. కానీ అబూ అన్న మాట ప్రోగ్రాంలో పాతుకుపోయి ఉంది, అందరికీ వస్తుంది. అది కూడా రాకూడదని రుబా చెప్పింది. అంతే కాదు, అని ఇంకా చెప్పబోయింది. ఖాళీ అన్నదాకా విని, మిగతాది వినలేదు. ఇప్పుడు రెండు వంశాల ఎదుట, గోడంత వెడల్పున, తండ్రి అన్న మాటా, దాని పక్కన నల్లటి ఖాళీ.

వెనక ఔదా మనిషయ్యాడు, సఖర్ కొడుకయ్యాడు, హాజ్ దిరార్ ఇర్బిద్‌కి తిరిగొచ్చాడు. వాళ్ళని ఎవరూ చూడలేదు. బోర్డు మొదటికొచ్చింది. మళ్ళీ ఆ ఖాళీ పాకుతూ పోయింది. మిఫ్లెహ్ కళ్ళు దాని వెంటే, ఈ చివర నుంచి ఆ చివరకి.

"పెద్దాయనా, ఒక్క క్షణం, ఆ అబూ కూడా తీసేస్తా..."

"తియ్యకు" అన్నాడు మిఫ్లెహ్. "అక్కడ పేరు పెట్టొచ్చా?"

సుఫ్యాన్ నాలుక కొసదాకా తెలిసింది అన్న మాట వచ్చింది. మింగేశాడు. ముసలాయన ముగించేదాకా ఆగాడు. రుబా మాట తర్వాత అతని జీవితంలో ఇది రెండోసారేమో.

"జాద్ అని రాయి" అన్నాడు మిఫ్లెహ్.

హాజ్ తౌఫీక్ తల వంచుకున్నాడు. "అన్నా..." అన్నాడు.

"నీకు తెలుసు కదరా. గోధుమ కోతల్లో పుట్టాడు. మొదటి వానలు పడేదాకా ఉన్నాడు. పోయినప్పుడు నువ్వే గదా బట్టలో చుట్టి తెచ్చిచ్చావు నాకు. ఆ తర్వాత ఒక్కనాడైనా వాడి పేరెత్తావా?"

"నీ మనసు కష్టపడుతుందని ఎత్తలేదన్నా."

"అందరూ అదే అన్నారు. నా మనసు కష్టపడుతుందని ఊరు ఊరంతా వాణ్ణి పుట్టనివాణ్ణి చేసేసింది. అబూ ఘాయిబ్ అట! వాడు ఇప్పుడు లేడు గానీ, లేనేలేనివాడు కాదు." పైకి చూసి, "రాయవయ్యా. ఏం చూస్తావు?" అన్నాడు.

సుఫ్యాన్‌కి అక్షరాలు కనపడటం లేదు. సూటు చేత్తో కళ్ళు తుడుచుకుని, రెండు సెమీకోలన్ల మధ్య ఆ పేరు టైపు చేశాడు. ఇది తప్పు పోతే నిచ్చెన మీంచి దూకేద్దామనుకున్నాడు. తప్పు పోలేదు.

సలాం: మిఫ్లెహ్, అబూ జాద్, అంజారా.

బోర్డు చివరిదాకా పాకేవరకూ మిఫ్లెహ్ చూశాడు. తర్వాత హాజ్ దిరార్ వైపు తిరిగాడు. "కాఫీ చల్లారిపోయింది, ఏమనుకోకు. తాగు" అన్నాడు.

హాజ్ దిరార్ ఒక్క గుక్కలో తాగేశాడు, మళ్ళీ ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనన్నట్టు. కిటికీ వెనక ఎవరో నాలుక ఆడిస్తూ సంబరపు ఉలూలు ఎత్తుకున్నారు. మధ్యలో ఆ గొంతు విరిగిపోయింది. వెంటనే మిగతా ఆడవాళ్ళు అందుకుని కొనసాగించారు. నిచ్చెన మీదున్న సుఫ్యాన్‌కి కిటికీలోపల ఒక ముసలావిడని రుబా గట్టిగా పట్టుకుని ఉండటం కనిపించింది. అందరూ ముద్దులూ ముబారక్‌లూ చెప్పుకుంటున్నారు. అంత హడావిడిలో పెళ్ళికొడుకుని కిందికి దిగమనడం ఎవరికీ తోచలేదు. తనకీ తోచలేదు.

మర్నాడు దుకాణంలో పాత ప్రోగ్రాంలన్నీ తెరిచి, ఎక్కడెక్కడ ఖాళీల్ని మింగించాడో వెతుక్కుంటూ కూర్చున్నాడు. సిగ్గుపడాల్సినన్ని ఉన్నాయి. ఫోన్ మోగింది. తెలియని నంబరు. మెల్లటి ఆడగొంతు.

"బోర్డులు చేసే అబ్బాయివేనా?"

"ఆఁ, నేనే. మీరెవరండీ?"

బోర్డు కావాలా, బాగుచెయ్యాలా అని అడగబోయి ఆగాడు. అడ్డం పడకుండా, ఆ మాట వచ్చేదాకా ఎదురుచూశాడు.

"నేను ఉమ్మ్ జాద్‌ని" అంది ఫిద్దా.